దొరసానికి చూసిన జత

వదిన గారికి మరిది నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ ఇద్దరం బాగున్నాం. బాగున్నాం అంటే పొద్దున ఎవరి మంచం మీద వాళ్ళం కళ్ళు తెరుస్తున్నాం. మీరూ మీ చెల్లెలు గారూ కులాసా అని తలుస్తాను. నాకు ఉత్తరాలు రాయడం చేతకాదని మీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను.

కిటికీలో మీ పూలకుండీ బతికే ఉంది. ఇస్త్రీ యంత్రం ఆవిరి తగలకుండా అటు చివరికి జరిపాను. పూలు పూయడం మానేసింది, ఆకులు మాత్రం వేస్తోంది. ఆవిరి గొట్టం బాగు చేయించాను. ఇప్పుడు బుస కొట్టడం లేదు, ఈల వేస్తోంది. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. వేళకు తింటున్నాను. మీరు వెళ్ళాక వంట నేర్చుకున్నాను. అన్నయ్య దాన్ని వంట అనడు.

ఆయన వీపు మీద పుళ్ళు పడలేదు. అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతున్నాను. మీరు చెప్పినట్టే దుప్పటి ముడత లేకుండా లాగి కడుతున్నాను. ఇస్త్రీ చేసేవాడికి ముడతల సంగతి నేను చెప్పాలా అని కూడా రాశారు. నవ్వుకున్నాను. ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను.

చివరన ఒక మాట అడిగారు. ఆయన ఎప్పుడైనా నా మాట ఎత్తారా అని. దానికీ జవాబు రాస్తాను, కాని చివర రాస్తాను. ముందు గుర్రాల సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెప్పడం నా వల్ల కాదు.

అన్నయ్య కౌంటరు మీద ఫోను ఆనించి గుర్రప్పందేల ఆట ఆడేవాడు కదా. అదే ఆట ఇప్పటికీ. చొక్కాలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నిలబడి ఉంటే, ఒక్క నిమిషం, నా గుర్రం మలుపులో ఉంది అనేవాడు. పక్షవాతం వచ్చాక చేతులు రెండూ పడిపోయాయి. చూపు కూడా ఒక పక్క పోయింది, చిన్న అక్షరాలు కనిపించవు. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు. అందుకని మీరుండగానే పలకంత ఉన్న పెద్ద ఫోను ఒకటి తెచ్చి మంచానికి బిగించాం, దాన్ని పలక అనే అంటున్నాం. ఆయన చెబుతాడు, నేను నొక్కుతాను. మంచం కౌంటరు వెనకాలే వేశాం. హ్యాంగర్లకు తగిలించిన బట్టలు ఆయన కాళ్ళ దాకా వేలాడుతుంటాయి. వచ్చేపోయేవాళ్ళంతా ఆయనకు కనిపించాలి, ఆయన మాట వాళ్ళకు వినిపించాలి. అలా అయితేనే ఆయనకు పొద్దు గడుస్తుంది.

దొరసాని మీకు గుర్తుండే ఉంటుంది. ఆటలో ఆయన ఆడగుర్రం. తెల్లది, తోక మాత్రం బూడిద రంగు. చాలా పందేలు గెలిచింది. ఇప్పుడు దానికి వయసు మళ్ళింది. ఆ ఆటలో పరుగు మానిన ఆడగుర్రానికి మగగుర్రాన్ని చూసి జత కట్టాలి. పుట్టిన పిల్లను మళ్ళీ పందేలకు తయారు చేయాలి. దొరసాని ఇంతకుముందు ఈనింది. ఆ పిల్లలు బాగానే పరుగెత్తాయి కాని అన్నయ్యకు కావలసిన పెద్ద పందెం ఏదీ గెలవలేదు. ఇక ఒక్క కాన్పే మిగిలిందని ఆట చెప్పింది. ఆ తర్వాత అది పచ్చికలో మేయడమే, మరేమీ ఉండదు. కాబట్టి ఈ ఒక్క జత సరిగ్గా కుదరాలని అన్నయ్య పట్టు పట్టాడు. ఆయనకు ఈ లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే అని నా చేత చాలాసార్లు చెప్పించుకున్నాడు.

మగగుర్రాలను చూడడం ఇంకో ఉద్యోగమయింది. వాటిని వేరేవాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో, ఆటలో పెడతారు. ఒక్కొక్కదానికి వేగం ఎంత, దమ్ము ఎంత, కాళ్ళ బలం ఎంత అని గీతలుంటాయి. తల్లీ తండ్రీ, వాటి తల్లీ తండ్రీ, చెట్టులాగా గీసి ఉంటుంది. నేను ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ ఇంకో చేత్తో పలక జరుపుతుంటే అన్నయ్య మంచం మీంచి అరిచేవాడు.

“పైకి లాగరా. కాళ్ళు చూపించు. కాళ్ళంటే డెక్కలు కాదు, మోకాళ్ళు. దీని అమ్మమ్మ ఎవరు? ఆవిడ ఎన్ని గెలిచింది?”

ఎదురింటి దర్జీ కొత్తగా కుట్టిన కోటు ఇస్త్రీకి పట్టుకుని వచ్చి అది చూశాడు. “మా అమ్మాయి పెళ్ళికి నేనింత వాకబు చెయ్యలేదు సార్” అన్నాడు.

అన్నయ్యకు ఆ మాట అందింది. “పెళ్ళి అంటే గుర్తొచ్చింది. మా తడిబట్టకు ఒకసారి సంబంధం చూశాం తెలుసా?” అని మొదలుపెట్టాడు.

నన్ను ఆయన చిన్నప్పటి నుంచీ తడిబట్ట అంటాడు. పిండినా పలకని బట్ట అని. అది మీకు తెలుసు. ఆ సంబంధం సంగతీ మీకు తెలుసు, మీరు అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి నన్ను ఏదో అడిగింది. ఏం పుస్తకాలు చదువుతారు అనో, ఏం ఇష్టం అనో. జవాబు తయారవుతోంది, ఇంకాస్త ఆగితే వచ్చేది. అన్నయ్య ఆగలేదు. “వీణ్ణి దండెం మీద ఆరేయాలమ్మా, సాయంత్రానికి మాట్లాడతాడు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. మీరు నవ్వలేదు. నాకు గుర్తుంది.

దర్జీకి ఆ కథంతా చెప్పాడు. అప్పుడే కసరత్తు మాస్టారు వచ్చాడు. అన్నయ్య చేతులూ కాళ్ళూ ఆడించడానికి రోజూ వస్తాడని రాశాను కదా, ఆయనే. ఆయన కోసం కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలలేదు. నేను బట్టలు కాల్చను.

నా సంబంధం ఒక్క మాటలో తేలిపోయింది. గుర్రానికి మాత్రం వాన తగ్గి చలి మొదలయ్యే దాకా చూశాం.

చివరికి ఒక నల్లదాన్ని ఖాయం చేశాడు. నుదుటి మీద తెల్ల మచ్చ. దాని కాళ్ళ గీత చివరంటా ఉంది. దాని యజమాని ఎవరో గాని అందరికీ ఇవ్వడట. అన్నయ్య చెప్పగా నేను బతిమాలుతూ రాస్తే ఒప్పుకున్నాడు. ఇక నొక్కడమే తరువాయి.

నేను చెట్టు బొమ్మ చూస్తున్నాను. నల్లదాని తల్లీ దొరసాని తల్లీ ఒక్క తల్లికి పుట్టిన ఆడపిల్లలు. ఉండబట్టలేక అన్నాను. “అన్నయ్యా, ఇవి అక్కచెల్లెళ్ళ బిడ్డలు. అన్నాచెల్లెళ్ళ వరస.”

 ఆయన మాస్టారి వైపు తల తిప్పాడు. “విన్నారా? గుర్రాలకు వరసలు కలుపుతున్నాడు. పెళ్ళి కాని వెధవ పెళ్ళిళ్ళ పేరయ్య అయ్యాడు.”

దర్జీ కూడా ఉన్నాడు. “ఆయన చెప్పిందీ నిజమే కదండీ, మేనరికమైతే సరేగాని ఇదేంటి” అని నసిగాడు.

“నువ్వు గుండీలు కుట్టుకో” అన్నాడు అన్నయ్య. “అది గుర్రమయ్యా. ఈనాలి. ఈనడమే దాని పని. ఈనకపోతే దాన్ని మా ఆవిడ పక్కన కట్టేయాలి.”

వదినా, ఈ మాట రాయకూడదు. రాయకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మీరు వెళ్ళిన రోజు ఆయన ఏమన్నాడో మీకూ నాకూ ఆ రోజు దుకాణంలో ఉన్నవాళ్ళకూ తెలుసు. మీరు ఆయనకు జావ తినిపిస్తున్నారు. దొరసాని మొదటి పిల్ల పుట్టిందని పలక మోగింది. అప్పుడు ఆయన అన్నాడు, “చూశావా, గాజు మీద బొమ్మ కూడా ఈనింది. నువ్వు ఈనలేదు.” మీరు ఆయన గడ్డం తుడిచారు. చెంచా కడిగి బోర్లించారు. తువ్వాలు మడతపెట్టారు. సంచి తీసుకుని వెళ్ళిపోయారు. నేను చూస్తూ నిలబడ్డాను. వెళ్ళొద్దని గాని వెళ్ళమని గాని అనలేదు. నా జవాబు అప్పుడూ తయారవుతూనే ఉంది.

అన్నయ్య గుర్రం వంకతో మిమ్మల్ని మళ్ళీ అన్నాడు. మీరు లేరు కాబట్టి గడ్డం తుడిచేవాళ్ళు లేరు. మాస్టారు కిందకు చూశాడు. దర్జీ కోటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

“నొక్కరా” అన్నాడు అన్నయ్య.

నల్లదాని కింద ఇంకోటి ఉంది. గోధుమ రంగుది. ముఖం మంచిది. ముందు కాళ్ళు బయటికి తిరిగి ఉన్నాయి. కాళ్ళ గీత ఎర్రగా, బొట్టంత ఉంది. దాన్ని ఎవరూ అడగరు కాబట్టి యజమాని ఎవరికైనా ఇస్తానని రాసి పెట్టాడు. నా వేలు కిందకి జరిగింది. ఖాయమేనా అని ఆట అడిగింది. ఖాయం అని నొక్కాను.

“నొక్కావా?”

“నొక్కాను.”

“వెళ్ళిరా తల్లీ, జాగ్రత్త” అన్నాడు ఆయన దొరసానితో. అంత మెత్తటి గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. మీకు తెలుసో లేదో నేను అడగను.

వరస తప్పుతుందని అలా చేశానని ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వరస కలిసిన మంచి గుర్రాలు ఇంకా ఉన్నాయి. నేను ఏరి కాళ్ళు లేనిదాన్ని పట్టుకున్నాను. ఆయన ముఖం చూడాలని చేశాను. ఇదే నేను మీకు చెప్పుకోవలసినది, వదినా. కాని ఇక్కడితో అయిపోలేదు.

పిల్ల పుట్టింది. తల్లిలాగే తెల్లది. అన్నయ్య గీతలు చదవమన్నాడు. మాస్టారు, దర్జీ, బట్టలకు వచ్చిన ఇద్దరు ముగ్గురు, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. వేగం చదివాను. బాగుంది. దమ్ము చదివాను. బాగుంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. అక్కడ కొంచెం ఆగాను. కావాలనే ఆగాను.

“కాళ్ళు?”

“తక్కువ.”

“తక్కువంటే?”

“అడుగున ఉంది అన్నయ్యా. ఎర్రగా.”

ఆయన నోరు తెరిచాడు గాని మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట మాట ఆగిపోవడం చూడడం అదే మొదలు. ఆ పూట నేను చేసుకున్న తిండి నాకు రుచిగా ఉంది. కడుపు నిండా తిన్నాను. మీకు నా మీద అసహ్యం కలిగితే కలగనివ్వండి.

ఆయన ఆ నల్లదాని యజమానిని తిట్టాడు. మోసగాడన్నాడు. గీతలు దొంగవి పెట్టాడన్నాడు. నన్ను అనుమానించలేదు. ఒక్క మాటైనా అడగలేదు. నేను అలాంటి పని చేయగలనని ఆయన ఊహకే రాలేదు. అది కూడా నాకు అవమానంగానే ఉంది.

మర్నాడు పిల్లకు పేరు పెట్టమని ఆట అడిగింది. అన్నయ్య ముఖం మీద నవ్వు అప్పుడు మొదలయింది.

“తడిబట్ట అని కొట్టరా.”

కొట్టాను. నా పేరు నా వేలితోనే కొట్టాను.

అప్పటి నుంచి రోజూ తడిబట్టను పందెంలో దింపడమే పని. అన్నయ్య జనాన్ని పోగు చేసేవాడు. చొక్కా ఇస్తాను, ముందు మా తడిబట్ట పరుగు చూసి వెళ్ళండి అనేవాడు. గుర్రాలన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయేవి. అది కాళ్ళు బయటికి వేసుకుంటూ వెనకాల వచ్చేది. ఆయనకు బొమ్మలో దూరానివి కనిపించవు కాబట్టి నన్ను అడిగేవాడు.

“తడిబట్ట ఎక్కడుందిరా?”

“వెనకాల ఉంది.”

“గట్టిగా చెప్పు, వాళ్ళకు వినపడద్దూ?”

“వెనకాల ఉంది అన్నయ్యా.”

“ఆరేసినా ఇంకా ఆరలేదా?”

అందరూ నవ్వేవాళ్ళు. అన్నయ్య పగలబడి నవ్వేవాడు. కళ్ళ నీళ్ళు కారితే నేనే తుడిచేవాణ్ణి. కొన్నాళ్ళకు మాస్టారు ఆయన చెంప పట్టుకుని చూసి నాతో చెప్పాడు. “పడిపోయిన చెంపలో కదలిక వచ్చింది. నేను ఇంతకాలం రుద్దినా రానిది నవ్వుతో వచ్చింది. మీరు చేస్తున్నదేదో మానకండి” అన్నాడు. ఆయన మంచివాడు. మంచి మాటగానే అన్నాడు.

నేను పగతో చేసిన పని ఆయనకు మందయింది. రోజుకో మోతాదు, నా చేత్తోనే.

నాకు అప్పటికి విసుగు పుట్టింది. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు పలక నా వైపు తిప్పుకుని ఆ పిల్లకు నడక నేర్పించడం మొదలుపెట్టాను. ఆటలో అలాంటి వీలుంది. ఇసుకలో నడిపించాలి, తర్వాత నీళ్ళలో నిలబెట్టాలి, తర్వాత కట్టేసి ఊరుకోవాలి. ఓపిక ఉంటే చాలు. కాళ్ళ గీత వెంట్రుకవాసి పెరిగేది. అది ఆ గోధుమ రంగుదాని ముఖంలాంటి ముఖంతో నా వైపే చూస్తున్నట్టు ఉండేది. బొమ్మేనని తెలుసు. అయినా చూసేవాణ్ణి.

మొన్న దాన్ని ఒక చిన్న పందెంలో వేశాను. ఎప్పుడూ గెలవనివాటికి పెట్టే పందెం, గట్టి నేల, దగ్గరి దూరం. అన్నయ్యకు అది చెప్పలేదు. దుకాణం నిండా మనుషులున్నారు.

“తడిబట్ట ఎక్కడుందిరా?”

“మధ్యలో ఉంది.”

“ఏంటీ?”

“ముందుకొచ్చింది. గెలిచింది అన్నయ్యా.”

దర్జీ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. ఒకాయన నా భుజం తట్టాడు. నాకు ఎటు చూడాలో తెలియక ఆవిరి గొట్టం వైపు చూశాను.

అన్నయ్య గోడ వైపు తల తిప్పేసుకున్నాడు. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం జావ తాగమంటే పళ్ళు బిగించాడు. చెంప మళ్ళీ జారినట్టు కనిపించింది. నాకు జాలి వేయలేదు. ధైర్యం వచ్చింది. ఇంత కాలానికి వచ్చింది.

“అన్నయ్యా, ఆ పిల్లకు తండ్రి నల్లది కాదు. నేను మార్చాను. కావాలనే కాళ్ళు లేనిదానితో జత కట్టాను” అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూశాడు. “నువ్వా?” అన్నాడు. “పోరా. నీకంత లేదు.”

అంతే. నమ్మలేదు. జావ మాత్రం తాగాడు. తాగి చాలాసేపు బట్టల వరస వైపు చూస్తూ పడుకున్నాడు. అప్పుడు ఎత్తాడు, వదినా, మీ మాట. మీరు వెళ్ళాక, తిట్టడానికి కాకుండా, అదే మొదటిసారి.

“ఇల్లు బోసిగా ఉందిరా. నవ్వుకుందామంటే మనిషి లేదు. ఆ గుర్రం కూడా గెలిచి చచ్చింది. మీ వదినను రమ్మని రాయి.”

“ఏమని రాయను?”

“మారిపోయాడని రాయి. ఏడుస్తున్నాడని రాయి. ఆ మాటకు వస్తుంది.”

“వచ్చాక?”

“వచ్చాక చూసుకుందాంలే” అని నవ్వాడు. జారిన చెంప పైకి లేచింది.

మీరు అడిగినదానికి జవాబు ఇదే. మీ మాట ఎత్తారు. ఎందుకు ఎత్తారో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆయన చెప్పమన్నది కూడా రాస్తున్నాను, లేకపోతే ఆయనకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను: ఆయన మారిపోయారట. ఏడుస్తున్నారట. మిమ్మల్ని రమ్మంటున్నారు.

ఇక నా మాట. మీరు రావద్దు.

మీరు వస్తే పూలకుండీ పూస్తుందని నాకు తెలుసు. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు వినిపిస్తుందని తెలుసు. నాతో దుప్పటి రెండో కొస పట్టుకునే మనిషి ఉంటుందని తెలుసు. అయినా రావద్దు. ఆయనకు మీరు అక్కర్లేదు. నవ్వడానికి ఒకరు కావాలి, అంతే. దానికి ఇంట్లో నేనున్నాను.

ఈ పొద్దున తడిబట్టను దూరప్పందెంలో వేశాను. ఆటలో నిన్నటి నుంచి వాన, నేలంతా బురద. దాని కాళ్ళు బురదలో అసలు ఆడవు. అందరికంటే వెనకాల వచ్చింది. చాలా వెనకాల. అన్నయ్య అడగకముందే నేనే గట్టిగా చెప్పాను, వెనకాల ఉంది అని. ఆయన కడుపు పట్టుకుని నవ్వినంతగా నవ్వాడు, చేతులాడితే పట్టుకునేవాడే. పూటంతా మీ మాట మళ్ళీ ఎత్తలేదు. రేపూ బురదలోనే వేస్తాను. ఎల్లుండీ అంతే. ఇసుకలో నడిపించడం మానేశాను. నేర్చుకున్నది అది కొన్నాళ్ళలో మరిచిపోతుందట.

నాకు ఇందులో కష్టం లేదు, అలవాటున్న పనే. ఒకసారి గెలిచాక దానికే కొంచెం కొత్త.

దొరసాని పచ్చికలో ఉంది. అన్నయ్య దాన్ని తీసేయమన్నాడు, ఇక ఈనదు కదా అని. తీసేశానని చెప్పాను. తీయలేదు. ఆయన చూపు పోయిన వైపు, పలక మూలన పెట్టాను. అక్కడ మేస్తూ ఉంటుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు.

మీ చెల్లెలు గారికి నా నమస్కారాలు చెప్పండి. రమ్మని రాయించింది ఆయనే కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాస్తే ఆయనకు చదివి వినిపించాల్సి ఉంటుంది. కాబట్టి అందులో రానని ఒక్క ముక్క రాయండి చాలు. మిగతాది రాయకపోయినా నాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ మరిది
తడిబట్ట